నీరు పల్లమెరుగు: ‘ప్రోక్లివిటీ’ అనే మాటపై కొన్ని తలంపులు

ఒక మాటకు అర్థం చెప్పడం అంత కష్టమైన పని కాదు. నిఘంటువు చేతిలో ఉంటే చాలును. ఆ మాటను ఒక మనిషికి అంటగట్టిన తరువాత కలిగే ఫలితానికి జవాబు చెప్పడమే కష్టం. మాకు ఎదురైన ఒక చిన్న అనుభవం ఈ సంగతిని గట్టిగా గుర్తు చేసింది. దానిని మన వార్షిక సంచిక ద్వారా విద్యార్థుల ముందు, కళాశాల పాలకవర్గ సభ్యుల ముందు ఉంచడం మా విధి అని భావిస్తున్నాం.

ప్రవేశాల కాలంలో ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని బోధన్ నుండి వచ్చింది. ఆమె బీడీలు చుట్టి కుటుంబాన్ని పోషిస్తున్న ఇల్లాలు. అమ్మాయి ఉర్దూ మాధ్యమంలో పదవ తరగతి ముగించి, ఇంటర్మీడియట్‌లో గణిత శాఖ కావాలని కోరింది. ప్రవేశ పత్రం చివర ఒక గడి ఉంటుంది. విద్యార్థి సహజాభిరుచి ఎటువైపు ఉన్నదో అధ్యాపకులు అక్కడ ఒక వాక్యంలో వ్రాయాలి. నాలుగు ప్రశ్నలు అడిగారు. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉన్నాయి. అమ్మాయి తడబడింది. ఆమెకు గణితం వైపు ‘ప్రోక్లివిటీ’ లేదని ఒక ఇంగ్లీషు వాక్యం ఆ గడిలో చేరింది. దాని కింద సంతకాలు చేసిన ముగ్గురిలో మేమూ ఉన్నాం. ఆ పిల్లను సి.ఇ.సి. శాఖలో చేర్చుకొన్నారు.

వ్రాసినదాని అర్థం ఏమిటని తల్లి అడిగింది. మనసు అటు లేదన్నమాట అని చెప్పాం. ఆమె ఒక్క క్షణం ఊరుకొని, “దిల్ నై లగ్తా బోల్కే ఆప్‌కు కైసా మాలూం సాబ్?” అన్నది. మనసు లేదని మీకెలా తెలుసునని ఆమె ప్రశ్న. మా వద్ద సమాధానం లేదు. తరువాతి అభ్యర్థిని పిలిచారు.

కొన్ని నెలల తరువాత తెలుగు తరగతిలో ‘మా ఇంటి సాయంకాలం’ అనే అంశంపై వ్యాసం వ్రాయమన్నాం. ఆ అమ్మాయి వ్యాసంలో అక్షరదోషాలు ఉన్నాయి గాని విషయం మమ్మల్ని నిలవేసింది. కంపెనీ వారు తూచి ఇచ్చే తునికాకు ఎన్ని బీడీలకు వస్తుంది, ఆకు పాడుగా ఉంటే వేయికి ఎంత తరుగు పడుతుంది, ఆ తరుగుకు బయట ఆకు కొంటే కూలిలో ఎంత తగ్గుతుంది, ఏరివేతలో పోయిన కట్టలు తీసివేస్తే చేతికి నిజంగా ఎంత మిగులుతుంది, ఇవన్నీ ఆమె లెక్కకట్టి వ్రాసింది. కట్టకు 25 బీడీలు, వేయికి 40 కట్టలు. ఈ లెక్క మీదనే ఇంటి బ్రతుకు. తమ గల్లీలో మూడు ఇళ్ల కార్డుల లెక్కలు తానే చూస్తానని కూడా వ్రాసింది. పిలిచి అడిగితే విషయం తేలింది. ‘జమా, తఫ్రీక్, జర్బ్, తఖ్సీమ్’ అంటే ఆమెకు కరతలామలకం. ఆనాడు అడిగినవారు కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాలకు ఇంగ్లీషు పేర్లు వాడారు. ఆమె తడబడినది లెక్క దగ్గర కాదు, మాట దగ్గర.

ఇక అప్పుడు మేము సంతకం చేసిన ఆ మాటను వెదకడం మొదలుపెట్టాం. తెలుగు చెప్పుకొనే వారికి ఇంగ్లీషు పదంతో పని ఏమిటని కొందరు అనవచ్చు. సంతకం చేసిన తరువాత పని లేదనడం తగదు.

‘ప్రోక్లివిటీ’ అనేది లాటిన్ నుండి ఇంగ్లీషులోకి 16వ శతాబ్దపు చివరి కాలంలో వచ్చిన పదం. ‘ప్రో’ అంటే ముందుకు. ‘క్లీవుస్’ అంటే వాలు, ఏటవాలు నేల, గుట్ట వాలు. ముందుకు వాలి ఉన్న నేల అని మొదటి అర్థం. అలాంటి నేల మీద నిలిచినవాడు తెలియకుండానే కిందికి జారినట్లు, మనసు ఏ వైపుకు జారుతుందో ఆ వైపు ‘ప్రోక్లివిటీ’ ఉన్నదన్నారు. దీనికి తోబుట్టువులు మరి రెండు పదాలు కలవు. పైకి ఎక్కే వాలు ‘అక్లివిటీ’. కిందికి దిగే వాలు ‘డిక్లివిటీ’. ఆ రెండూ నేలకే మిగిలిపోయాయి. మనిషి మనసుకు మాత్రం ‘ప్రోక్లివిటీ’ అంటుకున్నది.

ఇదే వంశంలో మొగ్గు అనే అర్థం గల ‘ఇంక్లినేషన్’ ఉన్నది. గ్రీకు భాషలో పడకకు గల పేరు నుండి వచ్చిన ‘క్లినిక్’ ఉన్నది. భూమి వాలును బట్టి ఎండా చలీ మారుతాయన్న తలంపు నుండి పుట్టిన ‘క్లైమేట్’ ఉన్నది. మనకు మరింత సంతోషం కలిగించే చుట్టరికం ఒకటి ఉన్నది. సంస్కృతంలో ఆనుకొను, ఒరుగు అనే అర్థం గల ‘శ్రి’ ధాతువు ఈ గ్రీకు, లాటిన్ మాటలకు జ్ఞాతి అని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. మన ‘ఆశ్రయం’ ఆ ధాతువు నుండి వచ్చినదే. వాలడానికీ ఆశ్రయించడానికీ మూలం ఒక్కటే అన్నమాట. మనిషి ఎటు వాలతాడో తెలుసుకోవాలంటే అతనికి ఎక్కడ ఆశ్రయం దొరికిందో కూడా చూడవలసి ఉంటుందేమో!

మన పాఠ్యపుస్తకాలలో ‘ప్రవణత’ అనే మాట ఉన్నది. భౌతికశాస్త్రంలో అది వాలును సూచించే పరిభాష. సాహిత్యంలో అది మనసు మొగ్గు. సంస్కృతంలో ‘ప్రవణం’ అంటే పల్లానికి వాలిన నేల. లాటిన్ వాడూ సంస్కృతం వాడూ ఒకరినొకరు అడగకుండానే మనసును వాలునేలతో పోల్చుకొన్నారు. తెలుగువాడు అంతకన్నా సులువుగా ‘నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు’ అన్నాడు. సామెత మొదటి సగం అందరికీ గుర్తుంటుంది. నిజము దేవుడెరుగు అన్న రెండవ సగాన్ని ప్రవేశ పత్రాలు నింపేవారు మరచిపోకూడదు.

ఇక ఉర్దూ వైపు చూద్దాం. ‘మైలాన్’ అంటే ఒరగడం. ‘రుజ్హాన్’ అరబీ ధాతువును బట్టి త్రాసులో ఒక తట్ట బరువెక్కి కిందికి దిగడం. మన తెలుగు ‘మొగ్గు’ కూడా త్రాసుకు చెందిన మాటే. త్రాసు మొగ్గింది అంటాం. ఇంగ్లీషు ‘టాలెంట్’ సైతం గ్రీకు త్రాసు నుండి పుట్టి, తూకమై, ఆ తూకపు ధనమై, బైబిలులోని ఒక నీతికథ ద్వారా ప్రతిభ అనే అర్థం పొందినదే. ‘మిజాజ్’ అంటే మిశ్రమం, కలగలుపు. ‘తబీయత్’ అంటే ముద్ర పడినది. అచ్చుకూటాన్ని ‘మత్బా’ అనేది ఆ ధాతువు వలననే. సంస్కృత ‘వాసన’ పూవుతో కూడి ఉన్నందున నారకు పట్టే పరిమళం వంటిది.

ఇంగ్లీషులో వాడుకగా చెప్పే ‘బెంట్’ మరీ విచిత్రమైనది. ‘బెండ్’ అనే క్రియకు పాత ఇంగ్లీషులో వింటికి నారి బిగించడం అని అర్థం. కట్టివేయడం అనే మాటకు అది దగ్గరి చుట్టం. విల్లు వంగినది తన స్వభావం చేత కాదు, కట్టిన నారి చేత. ‘ఆప్టిట్యూడ్’ కూడా జతపరచబడినది, అమర్చబడినది అనే లాటిన్ మాట నుండి వచ్చినదే. అదే మాట ఇటలీ దేశపు చిత్రకారుల చేతిలో పడి, బొమ్మ నిలిచే భంగిమకు పేరై, చివరకు ‘ఆటిట్యూడ్’ అయింది. సామర్థ్యమూ వైఖరీ ఒక్క తల్లి బిడ్డలు!

ఈ మాటలన్నీ ఒక వరుసలో నిలిపి చూస్తే మాకు ఒక సంగతి తోచింది. నారి బిగిస్తే వంగేది, ముద్ర వేస్తే పడేది, జత చేస్తే అమరేది, పూవుతో ఉంచితే అంటేది, తట్టలో బరువు వేస్తే మొగ్గేది. పుట్టుకతో వచ్చిందని మనం చెప్పుకొనే గుణానికి పూర్వులు పెట్టిన పేర్లన్నీ చేతిపనికి సంబంధించినవే. సృష్టి అనే అర్థం నేరుగా గలది ‘ఫిత్రత్’ ఒక్కటే. ఇస్లామీయ సంప్రదాయంలో ఆ ఫిత్రత్ మానవులందరికీ సమానం. ప్రతి శిశువూ దానితోనే జన్మిస్తుంది. తరువాతి రూపం పెంపకం వలన కలుగుతుంది. ఒక పిల్లను మరొక పిల్ల నుండి విడదీయడానికి ఆ మాట పనికిరాదు.

పదం పుట్టుక తెలిసినంత మాత్రాన సత్యం తెలిసినట్లు కాదని మేము ఎరుగుదుము. మాట ఎక్కడ పుట్టినా మనిషి స్వభావం వేరుగా ఉండవచ్చు. వ్యుత్పత్తి సూచన మాత్రమే, ప్రమాణం కాదు. ప్రమాణం కావాలంటే పుస్తకాలు మూసి మన జిల్లా నేల మీదికి రావాలి.

మంజీర నది దక్షిణం నుండి వచ్చి బోధన్ ప్రాంతాన్ని ఒరుసుకొంటూ ఉత్తరానికి సాగి కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. అది దాని వాలు. ఆ నీరు మన పొలాల వైపు చూడకుండానే యుగాల తరబడి ప్రవహించింది. ఇది మంజీర స్వభావం అని ఊరుకొని ఉంటే మనకు నిజాంసాగర్ లేదు. 1923లో పని ప్రారంభించి 1931 నాటికి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరింగ్ దక్షతతో ఆ ఆనకట్ట నిర్మించారు. ప్రధాన కాలువ 100 కిలోమీటర్లకు మించి సాగింది. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీరందించాలని దాని సంకల్పం. ఆ కాలువను నడిపించినది ఏ యంత్రమూ కాదు, వాలు. అయితే అది దేవుడు పెట్టిన వాలు కాదు. కొలత పట్టిన మనిషి, గొలుసు లాగిన మనిషి, పార పట్టిన మనిషి కలసి అంగుళం అంగుళంగా చేసిన వాలు. వాలు ఎక్కువైతే గట్లు కోసుకుపోతాయి, తక్కువైతే నీరు నిలిచి పూడిక చేరుతుంది. నీటి స్వభావాన్ని వారు మార్చలేదు. నీరు పల్లమెరుగు అన్న సామెతను నమ్మి, పల్లాన్ని తాము కోరిన చోట కల్పించారు. విద్య కూడా ఇంతే అని మా అభిప్రాయం.

ఆ నీరు వచ్చిన కొత్తలో కాలువ కింది నేలలన్నీ ఒక్కసారిగా సాగులోకి రాలేదు. కృష్ణా, గోదావరి ప్రాంతాల నుండి రైతులు తరలివచ్చి భూములు కొని, బోధన్, వర్ని, కోటగిరి పరిసరాలలో స్థిరపడ్డారు. వారి నివాసాలను నేటికీ ‘క్యాంపులు’ అంటున్నాం. స్థానిక రైతుకు తరి సేద్యం ఒంటబట్టదని, అతని ప్రాణం ఖుష్కీ జొన్న మీదనే ఉంటుందని అనేవారు ఉండేవారు. చెరువుల కింద తరతరాలుగా వరి పండించిన గడ్డ మీద ఈ మాట చెల్లుబాటు కావడమే ఆశ్చర్యం. అసలు కొరవడినది మొగ్గు కాదు. పెట్టుబడి, ఎడ్లు, అప్పు, వెన్నుదన్ను. అవి సమకూరిన కొద్దీ స్థానిక రైతు కాలువ నీటికి అలవాటు పడ్డాడు.

తరువాత చెరుకు వచ్చింది. 1937లో బోధన్ వద్ద నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఆ పేట షక్కర్‌నగర్ అయింది. సంస్కృత ‘శర్కర’ పారశీకంలో ‘షకర్’ అయి, అరబీ మీదుగా యూరపు చేరి ‘షుగర్’ అయింది. మన ఊరి పేరులో ఒక దినుసు చేసిన దేశాటన అంతా ఉన్నది. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా అది పేరు పొందింది. గానుగాడే నెలలలో చెరుకు బండ్ల వరుస, మొలాసిస్ వాసన, కర్మాగారపు కూత ఆ ప్రాంతపు దినచర్యలో భాగమైనాయి. బోధన్ రైతు పుట్టుకతోనే చెరుకు రైతు అని అందరూ చెప్పుకొనేవారు. అతని తండ్రికి చెరుకు తోట తెలియదన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు.

2002లో ఆ కర్మాగారం ప్రైవేటు భాగస్వామ్యానికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. కార్మిక కుటుంబాల దుఃఖం ఇక్కడ రెండు మాటలలో చెప్పదగినది కాదు. మన ప్రస్తావనకు కావలసినది ఒక్కటే. కొనేవాడు లేని చెరుకును రైతు ఎన్నాళ్లు నాటుతాడు? చెరుకు నేలలు వరి నేలలైనాయి. పుట్టుకతో వచ్చిందన్న ప్రవణత ఏమైనట్లు? అది రైతు రక్తంలో లేదు; కాలువలో ఉన్నది, కర్మాగారపు ద్వారం వద్ద ఉన్నది, సమయానికి చేతికందిన సొమ్ములో ఉన్నది. ఆశ్రయం తొలగితే వాలు మారింది. అదే ధాతువు, అదే బంధుత్వం!

ఇప్పుడు మన ఇళ్లలోని బీడీ చాట దగ్గరికి వద్దాం. ఇందూరు ఆడపిల్లల వేళ్లకు బీడీ పుట్టుకతోనే వస్తుందని మెచ్చుకోలుగా అనేవారు ఉన్నారు. ఇది మెచ్చుకోలు కాదు, శిక్ష. ఏ పిల్ల వేలికీ తునికాకు పుట్టుకతో అంటుకొని రాలేదు. బడికి వెళ్లవలసిన వయస్సులో అమ్మ పక్కన కూర్చుండబెట్టి, ఆకు కత్తిరించడం నేర్పి, దారం చుట్టడం నేర్పి, వేళ్లకు ఆ వేగం తెచ్చారు. తెచ్చినది ఆకలి. దానికి స్వభావమని పేరు పెట్టుకొని మనం నిశ్చింతగా ఉన్నాం. అదే వేళ్లకు వృత్తలేఖిని ఇచ్చి అన్ని సంవత్సరాలు కూర్చుండబెట్టి ఉంటే, ఇందూరు ఆడపిల్లలకు రేఖాగణితం పుట్టుకతో వస్తుందని ఈ నోళ్లే అనేవి కావా?

‘ప్రోక్లివిటీ’ గురించి మరొక సంగతి చెప్పక తప్పదు. ఇంగ్లీషువారు ఆ మాటను మంచి గుణాలకు తక్కువగా, చెడ్డ వైపు జారడానికి ఎక్కువగా వాడతారు. వాలు మీద నుండి కిందికే కదా జారేది! ఇలాంటి తలంపు ఒకనాడు చట్టమైంది. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. కొన్ని కులాలలో పుట్టినవారు నేరం వైపు మొగ్గు గలవారే అని భావించి, పుట్టిన బిడ్డను కూడా అనుమానితుల జాబితాలో చేర్చే పద్ధతి అది. తెలుగునాట ఎరుకలవారు దాని బరువు మోశారు. గుంటూరు ప్రాంతపు స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు అందుకు సాక్ష్యం. స్వాతంత్ర్యం వచ్చిన అయిదు సంవత్సరాలకు, 1952లో, ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా చూపు పోయిందా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదనే సామెత ఇంకా మన నాలుకల మీద ఉన్నది. ఒక వాక్యంతో ఒక తెగను నేరానికి కట్టివేయడానికీ, ఒక వాక్యంతో ఒక పిల్లను గణితం నుండి తప్పించడానికీ పరిమాణంలో ఎంతో భేదం ఉన్నది. ఆలోచనలో భేదం ఎంత?

మా విషయం కూడా కొంత చెప్పుకోవాలి. విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివే రోజుల నుండి నేటి వరకు, ముస్లిం అయి తెలుగు వైపు ఎలా మొగ్గారని అడగనివారు అరుదు. అడిగేవారిలో రెండు మతాలవారూ ఉన్నారు. పిఠాపురపు ఉమర్ ఆలీషా తెలుగులో కావ్యాలు, నాటకాలు రచించి, ఉమర్ ఖయ్యాంను తెలుగు చేసినప్పుడు ఆయన మతం అడ్డు రాలేదు. హైదరాబాదు సంస్థానపు ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ ‘షాద్’ పేరుతో ఉర్దూ కవిత్వం చెప్పినప్పుడు ఆయన మతమూ అడ్డు రాలేదు. మన పొరుగున ఆదిలాబాదు జిల్లాలో సామల సదాశివ గారు అమ్జద్ రుబాయీలను తెలుగు చేశారు. హిందుస్తానీ సంగీతాన్ని తెలుగువారికి పరిచయం చేసిన ‘స్వరలయలు’ గ్రంథానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. మన ఇందూరు ఖిల్లా జైలులో బందీగా ఉన్న దాశరథి తరువాతి కాలంలో గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు. వీరందరూ పుట్టుకతో ఆ వైపు వాలినవారా? ఉర్దూ మాధ్యమపు బడి, ఇరుగుపొరుగు, దొరికిన పుస్తకం, ప్రేమతో చెప్పిన ఉస్తాదు, ఇవి వారికి కాలువలు. వారి ప్రతిభ గొప్పదే. ఆ ప్రతిభ పారడానికి కాలువ ఉన్నది.

మనుషులలో సహజ భేదాలు లేనే లేవని మేము వాదించడం లేదు. రేగడి వేరు, చెల్క వేరు. రెండింటికీ ఒకే పైరు పెట్టేవాడు రైతు కాడు. ఒక పిల్లవాడికి లెక్క తొందరగా వస్తుంది, మరొకడికి పద్యం తొందరగా వస్తుంది. ఉపాధ్యాయులకు ఇది నిత్యానుభవం. మా అభ్యంతరం మొగ్గు ఉన్నదనడంతో కాదు; పది నిమిషాలలో దానిని కనిపెట్టామని, ఇక అది మారదని చెప్పడంతో. 1905లో పిల్లల బుద్ధిని కొలిచే పరీక్షను తయారుచేసిన ఫ్రెంచి పండితుడు ఆల్ఫ్రెడ్ బీనే, బుద్ధి పెంచడానికి వీలులేని స్థిర పరిమాణం అనే వాదాన్ని స్వయంగా ఖండించాడు. పరీక్ష కనిపెట్టినవాడికి ఉన్న వినయం దానిని వాడేవారికి ఉండవద్దా? అంతకు ఎంతో ముందు 14వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్దూన్ తన ‘ముకద్దిమా’లో మనిషి తన అలవాట్లకు బిడ్డ గాని స్వభావానికి బిడ్డ కాడని తేల్చి చెప్పాడు. మన మదరసాలలో ఆయన పేరు గౌరవంతో తలచుకొంటాం. ఆయన మాటను ప్రవేశాల గదిలోకి కూడా తీసుకురావాలి.

ఎక్కువ వెనుకబడి వచ్చిన పిల్లల మాటేమిటి, వారికి కాలువ చాలునా అని ఒక సహాధ్యాపకులు మమ్మల్ని ప్రశ్నించారు. న్యాయమైన ప్రశ్నే. కాలువ నీరు అందని మెట్ట మీదికి గోదావరి నీటిని ఎక్కించడానికి మన జిల్లాలోనే గుత్ప, అలీసాగర్ ఎత్తిపోతలు కట్టారు. అక్కడ వాలు సరిపోదు. మోటారు కావాలి, కరెంటు కావాలి, ఖర్చు కావాలి. ‘అక్లివిటీ’ అంటే అదే, ఎక్కుడు వాలు. నేల ఎత్తుగా ఉన్నదని దానికి నీటి మీద ఇష్టం లేదని ఏ రైతూ అనడు. మనం మాత్రం పిల్లల విషయంలో అంటున్నాం.

ఈ దృష్టితో పాలకవర్గానికి మూడు మనవులు చేయదలచాం. మొదటిది, ప్రవేశ పత్రంలో సహజాభిరుచి అనే గడిని తొలగించి, ఏమి చదవాలని కోరుతున్నావు, ఎందుకు అనే రెండు ప్రశ్నలు పెట్టాలి. వాటికి జవాబు విద్యార్థి తన చేతితో, తనకు వచ్చిన భాషలో వ్రాయాలి. రెండవది, గణితం, విజ్ఞానశాస్త్రం, వాణిజ్యశాస్త్రాలలో తరచు వచ్చే పరిభాషను ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు వరుసలలో ముద్రించి ప్రతి కొత్త విద్యార్థికి మొదటి వారంలోనే ఇవ్వాలి. 1917లో హైదరాబాదులో నెలకొల్పిన దారుత్తర్జుమా, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఈ పని కోసం ఎంతో శ్రమించాయి. వారు తవ్విన ప్రధాన కాలువ నుండి మనం ఒక పిల్లకాలువ తీసుకొంటే చాలును. మూడవది, మొదటి మూడు నెలలు సాయంత్రపు తరగతులు నడిపి, నిబంధనలు అనుమతించే గడువులోగా శాఖ మారదలచిన విద్యార్థికి తలుపు తెరచి ఉంచాలి. ఆ తరగతులలో ఉర్దూ పదాలకు తెలుగు, తెలుగు పదాలకు ఉర్దూ చెప్పే పని మేము వేతనం కోరకుండా చేస్తాం.

దీనికి ఖర్చు ఉన్నది. కాలువకు ప్రతి యేటా పూడిక తీయకపోతే ఏమవుతుందో మన జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. నిజాంసాగరం వంటి మహా జలాశయమే పూడిక వలన తన నిలువలో ఎంతో భాగం కోల్పోయింది. ఒకసారి చదువు చెప్పి, ఒకసారి పరీక్ష పెట్టి, ఇక వీడింతే అని పుస్తకం మూయడం పూడిక తీయని కాలువకు నీరు రాలేదని నీటిని తిట్టడం వంటిది.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. ‘నాకది రాదు’ అని మీరు అనేటప్పుడు ఆ మాట మీది అవునో కాదో విచారించండి. చాలాసార్లు అది ఎవరో మీ నోటిలో పెట్టిన మాట. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు భయపెట్టారు. మీరింకా మొక్కలే. ఏ వైపు వంగాలో నిర్ణయించే నారిలో ఒక కొన మీ చేతిలో కూడా ఉన్నది. నాకు దీనిపై మనసు లేదు అనే హక్కు మీకున్నది. అయితే కనీసం ఒక పంట కాలం దానికి నీరు పెట్టి చూచిన తరువాత ఆ మాట అనండి.

ఆ బోధన్ అమ్మాయి సంగతి తెలుసుకోవాలని చదువరులకు ఉంటుంది. మాకు ఆమె వ్యాసం అందేసరికి శాఖ మారే గడువు దాటిపోయింది. ఆమె సి.ఇ.సి.లోనే చదువుతున్నది. వాణిజ్యశాస్త్రపు లెక్కలలో తరగతిలో ముందున్నది. అది చూపి మా సంతకాన్ని సమర్థించుకోలేము. ఆమె కోరినది అది కాదు. మొన్న ఒకనాడు వరండాలో మమ్మల్ని ఆపి, “సార్, ఆ రోజు కాగితం మీద వ్రాసిన ఇంగ్లీషు మాటకు తెలుగు ఏమిటి?” అని అడిగింది. వాలు అని చెప్పాం. కాస్త ఆలోచించి, “వాలు అయితే తవ్వుకోవచ్చు కదా సార్” అన్నది.

ఈ వ్యాసంలో మేము ఇన్ని పుటలలో చెప్పదలచినది అంతే. వచ్చే ప్రవేశాల నాటికి ఆ గడి మన పత్రంలో ఉండకూడదని పాలకవర్గాన్ని వినయంగా కోరుతున్నాం. ఉన్నట్లయితే దాని కింద మా సంతకం ఉండదు.